చిక్వావాలో బోరింగుకి మా ఊరి చందా: డబ్బు పంపేముందు ఏమేం అడగాలి?

ప్రశ్న – రాజోలు_బ్యాచ్

అందరికీ నమస్కారమండీ. మాది రాజోలు పక్క ఊరు. హైస్కూలు పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుని ఊరి మంచినీళ్ళ చెరువు గట్టు బాగుచేయించాం, స్లో శాండ్ ఫిల్టర్లలో ఇసక మార్పించాం. ఇప్పుడు మా బ్యాచ్‌వాడే, లిలాంగ్వేలో ఉంటున్నాయన, ఇంకో మాట కదిపారు. మలావీ దక్షిణాన చిక్వావా జిల్లాలో ఒక పల్లె, 90 గడపలు. షిరే నదిలో కలిసే వాగులో చెలమలు తీసుకుని ఆ నీళ్ళే తాగుతున్నారు. అక్కడొక బోరింగు వేయిద్దామంటే మావాళ్ళందరూ సరేనన్నారు. కాలవకి నీళ్ళు ఆపేశాక చెరువు అడుగంటితే ఎలా ఉంటుందో మన డెల్టా చివరి ఊళ్ళవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా.

అక్కడి సేవాసంస్థ ఒకటి ఎస్టిమేటు పంపింది. అందులో ఉన్నది ఇంతే: "45 మీటర్ల బోరు, ఆఫ్రిడెవ్ చేతిపంపు, సిమెంటు చప్టా, దాతల పేర్లతో బోర్డు." సొమ్మంతా ముందే పంపాలట. ఈ కాగితం సరిపోతుందా? చేతిపంపు మేలా, సోలారు మోటారు పెట్టి కుళాయిలు ఇవ్వడం మేలా? నీళ్ళు ఉప్పగా వస్తే మన ఊళ్ళలోలాగా ఆర్వో ప్లాంటు పెట్టొచ్చా? డబ్బు సంఘం ఖాతాలోంచి పంపొచ్చా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు – ఒండ్రునేల_జియాలజిస్టు

ముందు ఆ 45 మీటర్ల సంగతి. సర్వే కాకుండానే లోతు రాసేశారంటే అది పంపుని చూసి వేసిన అంకె. ఆఫ్రిడెవ్ 45 మీటర్ల లోతు దాకానే తోడుతుంది, అందుకని ఎస్టిమేటులో అదే పడింది. నేల ఏమంటుందో ఇంకా ఎవరూ అడగలేదు.

మలావీలో ఎక్కువ భాగం పీఠభూమి. పైన మాగిన రాయి, కింద గట్టి రాయి, ఆ పగుళ్ళలో నీళ్ళు. చిక్వావా, న్సాంజే జిల్లాల్లో షిరే లోయ అడుగుభాగం అలా ఉండదు. తూర్పు ఆఫ్రికా పగులు లోయకి అది దక్షిణపు కొస వైపు భాగం. నది తెచ్చిపోసిన ఇసక, బంకమన్ను పొరలు మీద మీద ఉంటాయి. మన సఖినేటిపల్లి, మొగల్తూరు వైపు నేలలాగే అక్కడా పెద్ద గండం ఉప్పు. సముద్రం దగ్గర్లో లేదు కదా అని ధీమా పడొద్దు. ఎండకి ఆవిరై నేలలో పేరుకున్న లవణాలున్నాయి, అడుగు పొరల్లోంచి పైకొచ్చే ఉప్పునీళ్ళూ ఉన్నాయి. ఒకచోట బోరు తియ్యగా ఉంటే, కాస్త దూరంలో ఇంకో బోరు నీళ్ళు నోట పెట్టలేం.

అందుకని రిగ్గు రాకముందే ఆ పల్లె చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఉన్న ప్రతి బోరు, ప్రతి నుయ్యి దగ్గరా ఈసీ మీటరు (నీళ్ళు కరెంటుని ఎంత పారనిస్తాయో కొలిచేది, ఉప్పు ఎక్కువైతే అంకె పెరుగుతుంది) ముంచి చూడాలి. ఒక్కరోజు పని, ఖర్చు దాదాపు లేదు. మీటరు 3,000 మైక్రోసీమెన్స్ చూపిస్తే 0.65 పెట్టి గుణించండి, లీటరుకి సుమారు 1,950 మి.గ్రా. లవణాలు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో వేరే గతిలేనప్పుడు ఒప్పుకునే హద్దు 2,000. ఆ అంకెలు, ఆ బోర్ల లోతులు పక్కపక్కన రాసుకుంటే మంచి నీళ్ళు ఏ లోతులో ఉన్నాయో చాలావరకు తెలిసిపోతుంది. రెసిస్టివిటీ సర్వే, అంటే నేలలోకి కరెంటు పంపి పొరలు దాన్ని ఎంత అడ్డుకుంటాయో కొలవడం, దాని తర్వాత. ఒక్క సర్వేనే నమ్ముకుంటే ఇలాంటి నేలలో మోసపోతాం, ఎందుకంటే బంకమన్నుకీ ఉప్పునీళ్ళున్న ఇసకకీ రెండింటికీ రీడింగు తక్కువే వస్తుంది. ఏది ఏదో పక్క బోర్ల ఈసీ చూసే తేల్చుకోవాలి.

తవ్వకం గురించి కాంట్రాక్టులో ఇవి రాయించండి. ఒండ్రులో మడ్ రోటరీ (గోడలు కూలకుండా బురదనీళ్ళు తిప్పుతూ తవ్వే) పద్ధతి కావాలి. రాతికి వాడే గాలి రిగ్గు తెస్తే గోడలు కూలి పైపు దిగదు. 8 అంగుళాల బోరు, అందులో నాలుగున్నర అంగుళాల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కేసింగు పైపు, చుట్టూ 2 నుంచి 4 మి.మీ. గుండ్రటి గులక. క్రషర్ కంకర పోస్తే ఒప్పుకోవద్దు. ఫిల్టరు పైపు, అంటే నీళ్ళు లోపలికొచ్చే సన్నటి చీలికలున్న కేసింగు ముక్క, మంచి నీళ్ళున్న ఇసక పొర ఎదురుగానే ఉండాలి. పైన ఉప్పు పొర, కింద తియ్యటి పొర ఉన్నచోట మధ్యలో బెంటోనైటు మట్టితో (తడిస్తే ఉబ్బే బంకమన్ను) మూసేయాలి. అది మూయకుండా పైనుంచి కిందిదాకా గులక నింపేస్తే ఆ గులకలోంచే ఉప్పునీళ్ళు దిగి మొత్తం పాడుచేస్తాయి. బోరు మూతి నుంచి కనీసం 3 మీటర్ల లోతు వరకు చుట్టూ సిమెంటు గ్రౌటు (నీళ్ళలో కలిపిన సిమెంటు) పోయాలి. చప్టా మీది మురుగు కేసింగు పక్కనుంచి లోపలికి దిగకుండా ఆపేది అదొక్కటే, తొందరలో వదిలేసేదీ అదే.

కేసింగు దింపాక కంప్రెసరుతో గాలి కొట్టి నీళ్ళు తేటపడేదాకా కడగాలి. తెల్ల బకెట్టులో పట్టి గిర్రున తిప్పి వదిలితే నడుమ ఇసక పోగవకూడదు. ఆ తర్వాత 4 నుంచి 6 గంటలు ఏకబిగిన తోడి, నీటిమట్టం ఎంత దిగింది, ఆపాక ఎంతసేపటికి మళ్ళీ లేచింది కొలిచి రాయాలి. సెకనుకి 0.25 లీటరు నిలకడగా వస్తే చేతిపంపుకి చాలు.

చెల్లింపు మీటరు లెక్కన పెట్టండి, నీళ్ళు పడకపోయినా తవ్విన మీటర్లకి ఇచ్చేలా. "నీళ్ళు పడితేనే డబ్బు" అనే షరతు వినడానికి మనకి లాభంగా ఉంటుంది. కానీ ఆ షరతు మీద తవ్వేవాడు మొదటి చెమ్మ తగలగానే ఆపి నీళ్ళు పడ్డాయంటాడు, లేదా పడని బోర్ల నష్టమంతా ముందే మీ రేటులో కలిపేస్తాడు.

ఇంకొకటి, నెల చూసుకోండి. మలావీలో వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. నీటిమట్టం బాగా కిందికి దిగేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. మార్చిలో తవ్వి నీళ్ళు పైకే ఉన్నాయని పంపు పైన వేలాడదీస్తే అక్టోబరుకి గాలి తోడుతుంది. పైగా వానల్లో ఆ మట్టిదారిన రిగ్గు లారీ కదలదు.

జవాబు – నీటిల్యాబు

ఆర్వో గురించి అడిగారు. వద్దండి. కరెంటు, మెంబ్రేన్లు (ఉప్పు వడకట్టే పొరలు), యాంటీస్కేలెంటు మందు (వాటి మీద పెచ్చు కట్టకుండా వేసేది), వీటిని చూసుకునే మనిషి, నాలుగూ ఉంటేనే అది నడుస్తుంది. మన దగ్గర మెంబ్రేను పోతే రాజమండ్రిలోనో భీమవరంలోనో దొరుకుతుంది. అక్కడ ఆ పల్లె నుంచి ఎంత దూరం పోవాలో మీ స్నేహితుణ్ణే అడగండి. పైగా ఉప్పు ఎక్కువైనకొద్దీ పారబోసే నీళ్ళు పెరుగుతాయి, ఆ ఉప్పు నీళ్ళు ఎక్కడికి పోవాలన్నది ఇంకో తలనొప్పి. బోరు ఉప్పగా వస్తే దాన్ని మూసి వేరే చోటు వెతకడమే చవక.

పరీక్షల విషయంలో ఒక్క రిపోర్టుకి సరిపెట్టుకోకండి. బోరు దగ్గర ఈసీ, పీహెచ్, మురికి చూడాలి. ల్యాబులో ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, మాంగనీసు, ఆర్సెనిక్, క్లోరైడు. పగులు లోయ పొడవునా ఇథియోపియా, కెన్యా, టాంజానియాల్లో ఫ్లోరైడు పీడ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకి 1.5 మి.గ్రా.; అది దాటితే రుచిలో తెలియదు, పిల్లల పళ్ళ మీద తెలుస్తుంది. నమూనా పట్టేముందు 15, 20 నిమిషాలు తోడి పారబోయాలి, లేకపోతే పైపులో నిలవున్న నీళ్ళనే పరీక్ష చేసినట్టవుతుంది. లోహాలకి పట్టిన సీసాలో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి, లేదంటే దారిలోనే ఇనుము అడుక్కి దిగిపోయి రిపోర్టులో తక్కువ పడుతుంది. బ్యాక్టీరియా సీసా ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకి చేర్చాలి. 100 మి.లీ.లో ఈ.కొలై ఒక్కటి కూడా ఉండకూడదు.

పంపు బిగించాక బోరుకి క్లోరిన్ పట్టించాలి. లెక్క ఇదీ: లోపలి వ్యాసం 11 సెం.మీ. ఉన్న కేసింగులో మీటరుకి 9.5 లీటర్లు పడతాయి. నీటి నిలువు 40 మీటర్లయితే 380 లీటర్లు. లీటరుకి 50 మి.గ్రా. చొప్పున 19 గ్రాముల క్లోరిన్. 65 శాతం హైపోక్లోరైటు అయితే 30 గ్రాములు, మన బ్లీచింగు పౌడరులాంటిది 25 శాతం బలంతో ఉంటే 76 గ్రాములు. బకెట్టు నీళ్ళలో కలిపి, తేరిన నీళ్ళు మాత్రమే పోయాలి. ముద్ద పోస్తే సున్నం ఫిల్టరు పైపుకి పడుతుంది. పంపు కొట్టి మూతి దగ్గర క్లోరిన్ వాసన వచ్చాక ఆపి, కనీసం 12 గంటలు ఎవరూ వాడకుండా కట్టిపెట్టాలి. తర్వాత వాసన పోయేదాకా తోడి వదిలేయాలి. ఆ నీళ్ళు వాగులోకి పోనివ్వకండి, చేపలు చస్తాయి.

నా పట్టుదల మాత్రం ఇంకోచోట. బోరు దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్ళు ఇంటికెళ్ళి కడవలో కూర్చునేసరికి పాడవుతాయి. క్యాను మూతి కడగరు, గిన్నె ముంచి తీస్తారు. ఏ పల్లెలోనైనా జరిగేదే, మన ఊళ్ళలోనూ అంతే. దీనికి మలావీ, కెన్యా, ఉగాండాల్లో వాడే మార్గం, నీళ్ళ దగ్గరే క్లోరిన్ డబ్బా నిలబెట్టడం. మీట తిప్పితే 1.25 శాతం ద్రావణం 3 మి.లీ. పడుతుంది, 20 లీటర్ల క్యానుకి అది సరి, లీటరుకి సుమారు 2 మి.గ్రా. ఇంట్లో మర్నాటికి 0.2 మి.గ్రా. మిగిలితే చాలు. మన పంచాయతీ వాళ్ళు నీళ్ళలో క్లోరిన్ చూడటానికి వాడే క్లోరోస్కోపుతోనే చూడొచ్చు. డబ్బా నింపే మనిషికీ ద్రావణానికీ ఏటా డబ్బు కావాలి, అది మీ బడ్జెట్టులో ఎక్కడా కనబడలేదు.

జవాబు – సోలారు_పంపులు

90 గడపలంటే మనిషికి 20 లీటర్ల చొప్పున లెక్క వేద్దాం. 450 మంది, రోజుకి 9,000 లీటర్లు. చేతిపంపు గంటకి సుమారు 1,000 లీటర్లు ఇస్తుంది. తెల్లారినుంచి పొద్దుగూకేదాకా ఆపకుండా కొడితేగానీ సరిపోదు. మలావీలో ఒక చేతిపంపుకి 250 మందే లెక్క. అంటే రెండు పంపులు కావాలి, లేదా ఒక సోలారు.

సోలారుకి ఎంత కావాలంటే: 9 ఘనమీటర్లు 40 మీటర్ల ఎత్తుకి లేపడానికి రోజుకి దాదాపు ఒక యూనిట్ శక్తి. మోటారు, పంపు, పైపుల నష్టాలు పోను రెండున్నర యూనిట్లు. మబ్బు రోజులకి కాస్త వదులు ఇస్తే 700, 800 వాట్ల ప్యానెళ్ళు. 10,000 లీటర్ల ట్యాంకు, 4 మీటర్ల స్టాండు, నాలుగు కుళాయిలు. అయితే ఆరు గంటల ఎండలో అంత తోడాలంటే బోరు సెకనుకి 0.42 లీటరు ఇవ్వాలి. చేతిపంపుకి సరిపోయిన బోరు దీనికి సరిపోకపోవచ్చు. పంపింగ్ టెస్టు కాకుండా ప్యానెళ్ళు కొనకండి.

జవాబు – బోరింగు_మెస్త్రి

సోలారు గారి లెక్క తప్పని అనను. కానీ కంట్రోలరు కాలిపోయిన రోజున 450 మంది మళ్ళీ వాగుకే పోతారు. చేతిపంపు పాడైతే ఊళ్ళో వాళ్ళే రెండు గంటల్లో విప్పి బిగించుకోవచ్చు, సామాను చేతిలో ఉంటే. మొదటి ఏడు చేతిపంపు నడిపించి, వాళ్ళు చందా కూడబెట్టడం అలవాటయ్యాక సోలారు ఆలోచించండి.

ఆఫ్రిడెవ్ ఎందుకు మంచిదంటే, 1980ల్లో కెన్యా, మలావీల్లో తయారుచేసిందే పల్లెవాళ్ళు విప్పుకోవడానికి. నీటి పైపు 63 మి.మీ. యూపీవీసీ, అతికించేసి ఉంటుంది, దాన్ని కదపక్కర్లేదు. రాడ్లు పైకి లాగితే ప్లంజరు (పైకీ కిందికీ ఆడుతూ నీళ్ళు లేపే ముక్క) వాటితోనే వచ్చేస్తుంది. అడుగున ఉండి నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వుని ఫిషింగ్ టూలుతో (కిందికి దింపి పట్టుకునే కొక్కెం) పట్టి తీస్తారు. ఒక స్పానరు, ఆ ఫిషింగ్ టూలు, అంతే పనిముట్లు. అరిగేవి యూ-సీలు (ప్లంజరు చుట్టూ ఉండే వాషరు), బాబిన్లు (వాల్వు మూసే రబ్బరు ముక్కలు), హ్యాండిలు బుష్ బేరింగులు. బేరింగులు ఏడాదికోసారి మార్చాలి, అవి అరిగినా అలాగే కొడితే హ్యాండిలు ఊగి పక్కనున్న ఇనుమే అరిగిపోతుంది.

మన ఊళ్ళలో కనబడే ఇండియా మార్క్ 2 కూడా ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఉంది. గట్టిదే. కానీ సిలిండరు తీయాలంటే 3 మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపులు ఒక్కొక్కటే క్లాంపు వేసి లాగాలి, నలుగురైదుగురు మనుషులు, పెద్ద టూల్ కిట్టు కావాలి. ఇంకో చిక్కు, నీళ్ళ పీహెచ్ 6.5 కన్నా తక్కువైతే జీఐ పైపు తుప్పు పట్టి నీళ్ళు ఎర్రగా వస్తాయి. బట్టలు మరకలు పడతాయి, అన్నం రంగు మారుతుంది, ఆడవాళ్ళు ఆ పంపు మానేసి వాగుకే వెళ్తారు. ఇనుము నేలదా పైపుదా అని తేల్చుకోవడం తేలిక. తెల్లారి మొదటి బిందె ఎర్రగా వచ్చి, అరగంట గంట కొట్టాక తేటపడితే అది పైపు తుప్పే. ఎంత కొట్టినా అలాగే వస్తే నేలలోంచి వస్తున్నట్టు.

చప్టా 1:2:4 కాంక్రీటుతో పోసి, ఏడు రోజులు తడుపుతూ, ముట్టుకోకుండా ఉంచాలి. మూడో రోజే జనం కొట్టడం మొదలుపెడితే పంపు నిలబడే పెడెస్టల్ కాళ్ళ దగ్గర బీట వస్తుంది, మురుగు అక్కడినుంచే లోపలికి దిగుతుంది. నీళ్ళు పారే కాలువ 6 మీటర్లు ఉండాలి, చివర ఇంకుడు గుంటో, అరటి మొక్కలో. మరుగుదొడ్డి 30 మీటర్ల అవతల.

జవాబు – ఆడిటరు_అమలాపురం

డబ్బు విషయం. సంఘం ట్రస్టుగా రిజిస్టరై ఉంటే, విదేశంలో చేసిన ఖర్చుకి ఆదాయపు పన్ను మినహాయింపు మామూలుగా రాదు, ముందుగా సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) అనుమతి ఉండాలి. చెరువుకని వసూలు చేసిన చందాని అక్కడికి మళ్ళించకండి, ఇచ్చినవాళ్ళ ఉద్దేశం అది కాదు. ఇక్కడున్న వ్యక్తులు ఎవరి పేరున వాళ్ళు బ్యాంకు ద్వారా ఎల్.ఆర్.ఎస్. (వ్యక్తులు విదేశాలకి డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు పథకం) కింద విరాళంగా పంపొచ్చు, ఆర్థిక సంవత్సరానికి మనిషికి రెండున్నర లక్షల డాలర్లు హద్దు. ఆ సౌకర్యం ట్రస్టులకీ కంపెనీలకీ లేదు. విదేశీ సంస్థకిచ్చిన విరాళానికి దాతకి పన్ను మినహాయింపు రాదు. గల్ఫ్, అమెరికా వాళ్ళ సొమ్ము ఇండియాకి తెప్పించి మళ్ళీ పంపే పని పెట్టుకోవద్దు, వాళ్ళలో విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళుంటే ఇటు రాగానే ఎఫ్.సి.ఆర్.ఏ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) చిక్కులు మొదలవుతాయి. వాళ్ళని నేరుగా అక్కడికే పంపమనండి.

ఒకేసారి మొత్తం ఇవ్వకండి. సర్వేకీ ఈసీ కొలతలకీ విడిగా ఒక చిన్న చెల్లింపు. స్థలం తేలాక తవ్వకానికి. పంపింగ్ టెస్టు, ల్యాబు రిపోర్టులు చేతికొచ్చాక పంపుకీ చప్టాకీ. చివరి వాటా ఏడాది తర్వాత, పంపు నడుస్తూ ఉంటేనే. బోరు పూర్తయిన కాగితంలో పొరల వివరం, ఫిల్టరు పైపు ఏ లోతునుంచి ఏ లోతుదాకా ఉంది, నీటిమట్టం, జీపీఎస్ ఉండాలి. దాని ప్రతి ఒకటి జిల్లా నీటి కార్యాలయంలో, ఒకటి ఊరి పెద్ద దగ్గర. రేపు పంపు చెడితే ఎంత లోతులో ఏముందో ఆ కాగితమే చెప్పాలి.

రాజోలు_బ్యాచ్

చాలా థాంక్సండీ అందరికీ. లిలాంగ్వే ఆయనతో మాట్లాడాం. ఒక కొత్త సంగతి తెలిసింది. ఆ పల్లెలోనే, బడి దగ్గర, పాత ఆఫ్రిడెవ్ ఒకటి ఉందట. మూడేళ్ళుగా పనిచేయట్లేదు. నీళ్ళు అప్పట్లో బాగానే ఉండేవని ఆడవాళ్ళు చెబుతున్నారట. సంస్థ వాళ్ళు ఆ ఊసే ఎత్తలేదు. దాన్ని వదిలేసి కొత్తదే వేయమంటారా?

జవాబు – బోరింగు_మెస్త్రి

అస్సలు వదలొద్దు. ముందు దాని దగ్గరికే వెళ్ళండి. ఆఫ్రికాలో సహారాకి దిగువనున్న దేశాల్లో చేతిపంపుల్లో మూడోవంతుకి పైగా పనిచేయట్లేదని 2009లో లెక్క తేలింది. అందులో చాలావాటికి పోయింది చిన్న భాగమే. అది బాగైతే కొత్త బోరు ఖర్చులో కొద్ది భాగంతో 250 మందికి నీళ్ళు వచ్చేస్తాయి. మిగిలిన సొమ్ముతో రెండోది వేయొచ్చు, మీ 90 గడపలకి ఎలాగూ రెండు కావాలి.

మనిషిని పంపి వరుసగా ఇవి చేయించండి. హ్యాండిలు తిప్పితే బరువుగా ఉందా, తేలిగ్గా పడిపోతోందా చూడాలి. తేలిగ్గా పడిపోతే రాడ్డు తెగిందో, ఊడిందో. బరువు ఉండి నీళ్ళు రాకపోతే సీలో, బాబిన్నో పోయింది, లేదా నీటిమట్టం దిగిపోయింది. పంపు తల విప్పి, రాడ్లు, ప్లంజరు, ఫుట్ వాల్వు తీసి, బరువు కట్టిన తాడు దింపి నీళ్ళెంత లోతులో ఉన్నాయి, అడుగు ఎంత లోతులో తగిలింది కొలవాలి. మొదట తవ్విన లోతుకన్నా అడుగు బాగా పైకి వచ్చి ఉంటే ఇసక పూడింది, అప్పుడు పైపు కూడా తీసి కంప్రెసరుతో కడగాలి. తీసిన యూ-సీలు ఏడాదిలోనే గీతలు పడి అరిగిపోయేదని చెబితే బోరు ఇసక కక్కుతోందన్నమాట. కొత్త సీలు వేసినా అదే గతి, కాబట్టి ఫిల్టరు పైపు సంగతి జియాలజిస్టు గారు చెప్పినట్టు చూడాల్సిందే.

ఇవేవీ లేకపోతే రాడ్లు, సీలు, బాబిన్లు, బేరింగులు మార్చి బిగించడమే. తర్వాత ల్యాబు గారు చెప్పిన క్లోరిన్, పరీక్షలు. బిగించాక వాల్వు లీకు చూడండి: నీళ్ళు వచ్చేదాకా కొట్టి, అరగంట ఆపి, మళ్ళీ కొట్టాలి. ఐదు స్ట్రోకుల్లోపు నీళ్ళు రావాలి. ఎక్కువ పడితే ఫుట్ వాల్వు పట్టడం లేదు, మళ్ళీ తీయాల్సిందే.

ఒకటి మాత్రం తప్పకుండా అడిగి తెలుసుకోండి. మూడేళ్ళ కిందట అది చెడినప్పుడు ఎవరిని పిలిచారు? రాలేదా, వచ్చి సామాను లేదన్నాడా, డబ్బు అడిగితే కమిటీ దగ్గర లేదా? కెన్యాలో కిటుయి, క్వాలె వైపు ఫండీఫిక్స్ అనే సంస్థ ఊళ్ళ దగ్గర నెలసరి రుసుము తీసుకుని, చెడిన పంపుని మూడు రోజుల్లోపు బాగుచేసే పద్ధతి నడుపుతోంది. చిక్వావాలో అలాంటిది లేకపోతే, జిల్లా నీటి కార్యాలయం దగ్గర శిక్షణ పొందిన ఏరియా మెకానిక్ ఎవరున్నారో కనుక్కుని, ఏడాదికి రెండుసార్లు పంపు విప్పి చూసేలా అతనితో కాగితం రాసుకోండి. ఊరి పెట్టెలో రెండు జతల బేరింగులు, నాలుగు యూ-సీళ్ళు, నాలుగు బాబిన్లు, ఒక రాడ్డు, స్పానరు, ఫిషింగ్ టూలు ఉంచండి. ఆ పెట్టె తాళం బడి హెడ్మాస్టరు దగ్గర ఒకటి, నీళ్ళ కమిటీలో రోజూ నీళ్ళు మోసే ఆడమనిషి దగ్గర ఒకటి.